డబ్బాలో మిగిలిన చీటీలు

కడప నుంచి ఫోన్ చేసిన మనిషి ముందు తన పేరు చెప్పాడు, తర్వాత వాళ్ల నాన్న పేరు చెప్పాడు. రెండూ నాకు కొత్తే. రాంగ్ నంబరని పెట్టేయబోతుంటే, "జెద్దా ఆస్పత్రిలో స్టోరు సూసుకుంటాన్నాడు సార్, మా నాయన. మొన్న శుక్కురవారం పోయినాడు" అన్నాడు. "మీ నంబరు ఆయన పుస్తకంలో ఉండాది. పేరు లేదు, ఇంజినీరు అని మాత్రం రాసుకోని ఉండాడు. దాంట్లో ఉండేవాళ్లందరికీ చెప్తాండా."

రెండేళ్లు పక్కపక్కన పనిచేసిన మనిషి. ముప్పై ఏళ్లు దాటినా వారానికి ఒక్కసారైనా నేను తలుచుకునే మనిషి. అలాంటి మనిషి అసలు పేరు నేను ఎన్నడూ నోటితో పిలవలేదని అప్పుడు తెలిసింది. పండక్కి ఎప్పుడైనా ఫోన్ చేసినా "ముదీర్ గారూ" అనే మొదలుపెట్టేవాణ్ని. ఇప్పుడు పేరు తెలిసినా ఇక్కడ రాయను. నాకు ఆయన ముదీరే.

ముదీర్ అంటే అరబ్బీలో మేనేజరు. మా ఆస్పత్రికి అసలు ముదీర్ వేరే ఉండేవాడు, పై అంతస్తులో, చల్లటి గదిలో. మా ముదీర్ ఉండేది భూమి కిందున్న స్టోరులో. స్టోర్ కీపరు. అయితే పైనున్న ముదీరుకు కుర్చీ కావాలన్నా, కలంలోకి సిరా కావాలన్నా కిందికి కబురు పంపి, ఈయన సంతకం పడేదాకా ఆగాల్సిందే. అది చూసి ఫార్మసీలో ఉండే ఈజిప్టు ఆయన ఒకరోజు "అసలు ముదీర్ నువ్వే" అని నవ్వాడు. ఆ పేరు అతుక్కుపోయింది. కొత్తగా వచ్చిన పేషెంట్లు నిజమే అనుకుని ఆయన కనిపిస్తే లేవబోయేవారు. ఆయన వద్దనేవారు కాదు, ఔననేవారు కాదు.

నేను హైదరాబాదులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే పని చేస్తాను. పుస్తకం, పాచికలు ముందేసుకుని బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటలుంటాయి. వాటి నియమాలను కంప్యూటర్లోకి, ఇప్పుడైతే సెల్‌ఫోన్లలోకి, ఎక్కించడం నా ప్రత్యేకత. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని మా ఆఫీసులో పిల్లలు అడుగుతుంటారు. జెద్దాలో అంటాను. అక్కడేదో పెద్ద సంస్థ ఉందనుకుంటారు. నేను సరిదిద్దను, ఎందుకంటే ఆ స్టోరు గది గురించి చెప్పడం మొదలుపెడితే ఆ పూట పని సాగదు.

ముదీర్ గారు పొడుగ్గా, ఎండు చేపలా ఉండేవారు. చొక్కా రెండో గుండీకి దారం కట్టి, దారానికి పెన్సిల్ కట్టుకునేవారు. స్టోరులో పెన్సిల్ పోతే ఎవరు పట్టుకెళ్లారో వెతకలేక చేసిన ఏర్పాటు అది. నడుస్తుంటే పెన్సిల్ కడుపు మీద ఊగుతూ ఉండేది. ఏ వస్తువు బయటికి వెళ్లాలన్నా మూడు ప్రశ్నలు అడిగేవారు. ఎన్ని ఉండాయి, ఎన్ని పోతాండాయి, ఎన్ని మిగుల్తాయి. దూది చుట్టకైనా అవే, ఆపరేషన్ బల్లకైనా అవే. మనుషుల కష్టాలకు కూడా అవే. ఒకసారి నాకు జ్వరమొస్తే గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడి, "ఎన్ని దినాలు ఉంటాదన్న్యాడు డాక్టరు?" అని అడిగారు. మూడు అన్నాను. "రెండు పోయినాయి. ఒగటి మిగిలింది. పండుకో" అని వెళ్లిపోయారు. తగ్గిపోతుందిలే అన్న మాట ఆయన నోట నేను వినలేదు. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పడం ఆయనకు గిట్టదు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. తెనాలి వాణ్ని. డిగ్రీ ఉందన్న పొగరు ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువే ఉండేది. స్టోరు లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించడానికి నన్ను తీసుకున్నారు. కంప్యూటర్ ఆయన బల్ల పక్కనే పెట్టారు కాబట్టి రోజంతా ఇద్దరం ఒకరినొకరు సహించాల్సి వచ్చేది.

తొంభైలో, కువైట్ మీద దాడి జరిగిన ఆ ఆగస్టులోనే మా ఆస్పత్రిలో తెల్లవాళ్లు చాలామంది సర్దుకుని వెళ్లిపోయారు. ఎక్స్‌రే మిషన్లు బాగుచేసే ఒకాయన గది ఖాళీ చేస్తూ ఒక అట్టపెట్టె వదిలేశాడు. అది స్టోరుకు వచ్చింది. అందులో అట్ట చిరిగిన లావుపాటి జిరాక్స్ పుస్తకం ఒకటి, రకరకాల ముఖాలున్న పాచికల సంచి ఒకటి ఉన్నాయి. పుస్తకం నిండా పట్టికలు, అంకెలు. ముదీర్ గారు దాన్ని మిషన్ మాన్యువల్ అని రిజిస్టరులో రాసుకుని, ఆ మిషన్ కోసం స్టోరంతా రెండు వారాలు వెతికారు. దొరక్కపోయేసరికి నా దగ్గరికి తెచ్చారు.

"ఏమబ్బా ఇంజినీరూ, దీంట్లో బలం అంటాడు, దెబ్బ అంటాడు, మూడో మెట్టు అంటాడు. ఇది ఫిజియోథెరపీ మిషనా?"

నేను తిరగేసి చూసి నవ్వాను. అది ఆట అని చెప్పాను. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్లు ఆ కథలో మనుషులు. ఎదురుగా వాగు ఉంది, ఏం చేస్తావని కథ చెప్పేవాడు అడుగుతాడు. దూకుతానంటే పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే దాటినట్టు, చిన్నది పడితే మునిగినట్టు. దెబ్బలన్నిటికీ లెక్క ఉంటుంది, ప్రాణానికి కూడా లెక్క ఉంటుంది. అది సున్నాకు వస్తే ఆ మనిషి పోయినట్టు.

"అయితే మిషను లేదా?"

"లేదండి. మనుషులే ఆడతారు."

"మాన్యువలు ఒక్కటే పంపించినారన్నమాట" అని రిజిస్టరులో ఆ వరుస కొట్టేసి, పుస్తకాన్ని తన డ్రాయరులో పెట్టుకున్నారు. ఎందుకని నేను అడగలేదు.

ఆ చలికాలానికి యెమెన్ డ్రైవర్లు చాలామంది దేశం విడిచి వెళ్లిపోవడంతో ఉన్నవాళ్ల మీద రెండింతల ట్రిప్పులు పడ్డాయి. అలా ట్రిప్పులు మీద పడినవాళ్లలో మల్లేశం ఒకడు. జగిత్యాల దగ్గరి మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. జెద్దా రేవు నుంచి ఉనైజా ఖర్జూరం తోటలకు అట్టపెట్టెలు తోలేవాడు. నిద్ర చాలక లారీ బోల్తా కొట్టింది. రెండు తొడ ఎముకలూ విరిగి మా ఆస్పత్రికి వచ్చాడు. కొన్నాళ్లు చూడటానికి వచ్చిన కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, తర్వాత రావడం మానేశాడు. జనవరిలో యుద్ధం మొదలయ్యే సమయానికి ఎముకలు అతికాయి, ఇక లేచి నిలబడటం నేర్చుకోవాలని డాక్టరు చెప్పాడు. మల్లేశం మాత్రం గోడవైపు తిరిగి పడుకుని, తిండి కూడా సరిగా తినకుండా రోజులు గడిపేవాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే కాళ్లు బిగుసుకుపోయి జన్మలో లేవడని వార్డులో మలయాళీ సిస్టర్ మాతో అంది.

జెద్దా మీద బాంబులేవీ పడలేదు గానీ పడతాయన్న భయం మాత్రం అందరి మీదా పడింది. కిటికీ అద్దాలకు ప్లాస్టర్లు అతికించారు. విషవాయువు ముసుగులు వచ్చాయి. అవి పంచే పని ముదీర్ గారిది, సైజులు రాసుకునే పని నాది. అలా మేమిద్దరం మల్లేశం మంచం దగ్గరికి వెళ్లాం.

"నాకెందుకు సాబ్" అన్నాడు మల్లేశం గోడవైపు చూస్తూనే. "ఇంకెవలికన్న ఇయ్యుండ్రి."

ముదీర్ గారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ముసుగు సంగతి ఎత్తలేదు.

"లారీలో ఎన్ని పెట్టెలు ఉండె?"

గోడకు చెబుతున్నట్టు మల్లేశం, "ఆరు వందలు" అన్నాడు.

"ఎన్ని చేరినాయి?"

"ఒక్కటి గూడ చేరలె సాబ్."

"అయితే అన్నీ మిగిలే ఉండాయి."

మల్లేశం మొదటిసారి ఇటు తిరిగి, ఈ మనిషికి మతిగాని పోయిందా అన్నట్టు చూశాడు. మర్నాడు మధ్యాహ్నం ముదీర్ గారు ఆ పుస్తకం పట్టుకుని వార్డుకు వెళ్లారు. నన్నూ లాక్కెళ్లారు.

అప్పటికే ఆయన ఆ పుస్తకం మీద ఎర్ర పెన్సిల్ నడిపేశారు. భూతాలు, మంత్రగాళ్లు కొట్టివేత. జిన్నులతో ఎగతాళి కూడదన్నారు. కత్తులు కొట్టివేత, వాటి బదులు తాళ్లు, తోలుసంచులు. ప్రాణం లెక్క ఉన్న చోటల్లా నీళ్లు అని రాశారు. జెద్దా నుంచి ఉనైజాకు పాతకాలంలో వెళ్లే ఒంటెల బిడారు, దారిలో పది మజిలీలు. మల్లేశం బిడారుకు పెద్ద. నేను ఒంటెల వైద్యుణ్ని, ఇంకే ఉద్యోగమూ నాకు ఇవ్వలేదు. గాలి, ఎడారి, దొంగలు, బావులు, ఒంటెలు అన్నీ ఆయనే. ఆయన ఒంటెలు స్టోరులో పనివాళ్లలాగే సణుక్కునేవి. "నిన్న మోసిందే మోయల్యాక సచ్చాంటే మళ్లీ ఎత్తుతాండాడు సూడు" అని ఒక ఒంటె చేత అనిపించినప్పుడు మల్లేశం మూతి కొద్దిగా కదిలింది. సిస్టర్ అది చూసి పక్క మంచం వాళ్లకు చెప్పింది. మక్కా దారి చీలేచోట, ముస్లింలు కాని మా ఇద్దరికీ ఆ ఊళ్లోకి ప్రవేశం లేదు కాబట్టి, "నేనిట్ల పోతా, మీరిద్దరూ అట్ల చుట్టుకోని రాండి, ముందర కలుచ్చాం" అని బిడారును రెండుగా విడదీసి ఆ మజిలీ అంతా మమ్మల్ని గాలికి వదిలేశారు.

పాచికలు ఆయన ముట్టుకోలేదు. "అవి మాకు కూడదబ్బా" అన్నారు. దానికి బదులు ఫార్మసీలో వరుస నంబర్లకు ఇచ్చే అట్టచీటీలు, అరిగిపోయి స్టోరుకు తిరిగొచ్చినవి, ఒకటి నుంచి ఇరవై దాకా ఏరి పాలపొడి డబ్బాలో వేశారు. చీటీ తీసేముందు డబ్బా మూత మీద మూడుసార్లు తట్టేవారు. తీసిన చీటీని మళ్లీ డబ్బాలో వేయనిచ్చేవారు కాదు. మంచం పక్క బల్ల మీద అంకె పైకి కనిపించేలా వరుసగా పేర్చేవారు. ఇరవై అయ్యాకే అన్నీ మళ్లీ డబ్బాలోకి.

ఇది పుస్తకంలో లేదు, ప్రతిసారీ కొత్తగా వేయాలి కదండీ అని నేను అడ్డం పడ్డాను.

"పుస్తకం రాసినోనికి పాచికలు ఉండె. నాకు డబ్బా ఉండాది" అన్నారు.

అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటి పెట్టారు. బిడారు కదలాలంటే బిడారు పెద్ద లేవాలి. మల్లేశం ఒకసారి లేచి నిలబడితే ఒక చీటీ. బావి దగ్గర ఆగి నీళ్లు నింపుకోవడానికి మాత్రం చీటీ అక్కర్లేదు. మొదటి రోజు మంచం పట్టె పట్టుకుని, సిస్టర్ నడుం పట్టుకుంటే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రెండు వచ్చింది. ఇసుక గాలి. రెండోసారి నిలబడితే నాలుగు. మర్నాడు ఒకటి. ఒక ఒంటె తప్పిపోయింది. మల్లేశం మంచం మీద కూలబడి ఇక నావల్ల కాదు సాబ్ అన్నాడు. ముదీర్ గారు ఓదార్చలేదు. బల్ల మీది చీటీలను పెన్సిల్‌తో చూపించారు.

"ఒగటి పోయింది, రెండు పోయింది, నాలుగు పోయింది. ఇంగ డబ్బాలో ఏముండాయో నువ్వే చెప్పు."

మల్లేశం వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "పెద్దయే ఎక్కువున్నయి."

"మరి లెయ్."

లేచాడు. పదిహేడు వచ్చింది. తప్పిపోయిన ఒంటె బావి దగ్గర నీళ్లు తాగుతూ కనబడింది. చెడ్డ అంకె వస్తే కథ అక్కడితో ముగిసేది కాదు, దారి మళ్లేది. నాకు అప్పట్లో అదంతా పల్లెటూరి సర్దుబాటులా అనిపించేది. మల్లేశం అన్నం తినడం మొదలుపెట్టాడన్నది మాత్రం కాదనలేకపోయాను.

యుద్ధం ముగిసింది. ఆస్పత్రిలో మనుషుల్ని తగ్గించడం మొదలైంది. పందొమ్మిదేళ్ల తర్వాత ముదీర్ గారి కాంట్రాక్టు పొడిగించలేదు. పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ ముద్ర పడింది, రెండు నెలల్లో దేశం దాటాలి. అప్పటికి మల్లేశం పట్టె వదిలి నాలుగైదు క్షణాలు నిలబడగలుగుతున్నాడు, అంతే. అడుగు వేయడం ఇంకా దూరం. ముదీర్ గారు నా కుర్చీ పక్కకు వచ్చి కంప్యూటరును తట్టారు, డబ్బా మూత తట్టినట్టే.

"నేను పోయేలోగా ఆటను దీంట్లోకి ఎక్కియ్యి. నువ్వు పగలంతా పనిలో ఉంటావు. నేను లేకుంటే ఆడించేది ఎవరు? ఆట ఆగితే వాడు లేసేది ఆగిపోతాది."

"కుదరకపోతే?"

"కుదరకపోతే నేను యాడికీ పోను. పట్టుకోని పంపిచ్చే దాకా ఈడనే ఉంటా" అన్నారు. ఆయన వేళాకోళం ఆడే మనిషి కాదు. ఇంటి దగ్గర ఆయన భార్య అన్నేళ్లుగా ఎదురుచూస్తోందని నాకు తెలుసు, ఎప్పుడు వస్తున్నావని ఆమె రాసే ఉత్తరాలు స్టోరు చిరునామాకే వచ్చేవి.

రెండు వారాలు కూర్చున్నాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గు లేదు, నేను ముదీర్ గారి ఆటను రాయలేదు. కథ ఆయనది ఉంచి, నియమాలు మాత్రం ఆ తెల్లాయన పుస్తకంలోవి దించాను. కంప్యూటరుకు ఇరవై ముఖాల పాచిక వేయడం చేతనవును కదా, అట్టచీటీల అవసరమేముంది అనుకున్నాను. నీళ్లు సున్నా అయితే ఆట అయిపోయినట్టే, పుస్తకంలో ఉన్నట్టే. అక్షరాలు కూడా ఇంగ్లీషువే. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను. మల్లేశానికి ఇంగ్లీషు అక్షరాలు రావన్న సంగతి నాకు తట్టనే లేదు.

ఒక శుక్రవారం పొద్దున ఎక్స్‌రే ట్రాలీ మీద కంప్యూటరు పెట్టి వార్డుకు తోసుకెళ్లాను. ముదీర్ గారు నమాజుకు వెళ్లే తొందరలో ఉండి రాలేదు. మల్లేశం మురిసిపోయాడు. తెర మీది మాటలు నేను చదువుతుంటే లేచి నిలబడి మీట నొక్కాడు. మూడు. కూర్చుని మళ్లీ లేచాడు. రెండు. తర్వాత మూడు, ఐదు, మళ్లీ మూడు. చెమటలు కారుతుండగా ఆరోసారి లేచి నొక్కాడు. ఒకటి. నీళ్లు అయిపోయాయి, ఆట అయిపోయింది అని తెర మీద పడింది. రెండో మజిలీ కూడా దాటలేదు.

"మూడు ఎన్నిసార్లొస్తది సార్?"

"ఎన్నిసార్లైనా రావచ్చు."

"అయితే గీ మిషన్ల చెడ్డది అయిపోనే అయిపోదా?"

అబద్ధం చెప్పలేక, అయిపోదని చెప్పాను. మల్లేశం నెమ్మదిగా కాళ్లు ఎత్తి మంచం మీద పెట్టుకుని గోడవైపు తిరిగాడు. ఆ రోజు లేవలేదు, మర్నాడూ లేవలేదు. నాలుగు రోజులు అన్నం పళ్లెం వచ్చినట్టే వెనక్కి వెళ్లింది. సిస్టర్ నాతో మాట్లాడటం మానేసింది.

నేను స్టోరుకు వచ్చి ముదీర్ గారితో వాదన పెట్టుకున్నాను. తప్పు చేసినవాడికి గొంతు ఎక్కువ. కాగితం మీద లెక్క వేసి చూపించాను. పాచికైనా, డబ్బా అయినా సగటు ఒకటేనండి అన్నాను.

ఆయన కాగితం చూసి తిరిగి నా చేతికిచ్చారు. "సగటు వానికెందుకబ్బా? వానికి కావాల్సింది చెడ్డది ఇంగెంత మిగిలిందో. నీ మిషనుకు నిన్నటిది గుర్తుండదు. వానికి నిన్నటిది తప్ప ఇంగేమీ గుర్తు లేదు."

"అలాగైతే అది ఊరడింపే కదండీ. మభ్యపెట్టడమే కదా."

ఆ మాటకు ఆయనకు కోపం వచ్చింది. నా మీద కోప్పడటం అదొక్కసారే. "ఒక్క చెడ్డ చీటీ అన్నా తీసి పారేసినానా? ఇరవై ఉండాయి, ఇరవై వచ్చాయి. ఏది యెప్పుడు వచ్చాదో నాగ్గూడా తెలీదు. దీంట్లో మోసం యాడుండాది?"

ఆయన లేచి పైకి వెళ్లారు. నాకు కూర్చోబుద్ధి కాక కాసేపటికి నేనూ వెళ్లాను. వార్డు తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి ఆయన గొంతు వినబడి ఆగిపోయాను.

"మల్లేశా, తప్పు నాది. చీటీల సంగతి నేను ఇంజినీరుకు చెప్పల్యా. పాపం ఆయన పుస్తకంలో ఉండేది రాసినాడు. తిట్టేదుంటే నన్ను తిట్టు."

నిజానికి నాకు చెప్పారు. ఒకసారి కాదు, నేను అడ్డం పడిన ప్రతిసారీ చెప్పారు. నెలన్నర పాటు రోజూ నా కళ్ల ముందే చీటీలు పేర్చి చూపించారు. జ్వరం తగ్గుతుందన్న చిన్న మాట కూడా అనడానికి ఇష్టపడని ఆ మనిషి, నా కోసం తలుపు అవతల కూర్చుని నిబ్బరంగా అబద్ధం ఆడుతున్నారు. మల్లేశం ముందు నా పరువు పోతే నేను చేసే ఆటను అతను మళ్లీ ముట్టుకోడని ఆయనకు తెలుసు. నా తల వంగిపోయింది. జీవితంలో నన్ను కాపాడినవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు గానీ, నేను కాపాడబడుతున్నానని ఆ క్షణాన్నే తెలిసింది అక్కడొక్కచోటే.

మల్లేశం ఏమన్నాడో వినబడలేదు. నేను కిందికి వచ్చి, రాసిందంతా చెరిపేశాను.

రెండోసారి ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. పాచిక తీసేశాను. కంప్యూటరులో ఇరవై గళ్లు పెట్టి, అంకెలు కలగలిపి, తీసిన అంకె మళ్లీ రాకుండా చేశాను. తెర అడుగున ఇరవై గళ్లూ కనబడతాయి, అయిపోయినది ఆరిపోతుంది. ఏం మిగిలాయో ఎవరినీ అడగక్కర్లేదు. నీళ్లు అయిపోతే ఆట అయిపోయిందన్న మాట తీసేసి, బిడారు జెద్దాకు తిరిగొస్తుందని పెట్టాను. తెలుగు అక్షరాల కోసం స్టోరులో గడువు దాటిన ఈసీజీ కాగితం చుట్టలు దించాం. ఆ కాగితం మీద సన్న గళ్లుంటాయి కదా. ముదీర్ గారు కూర్చుని గడి గడికీ చుక్క పెడుతూ నీళ్లు, గాలి, బావి, ఒంటె అని నలభై మాటలు రాసిచ్చారు. కడప సర్కారు బడిలో నేర్చుకున్న గుండ్రటి చేతిరాత. ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టి నేను కంప్యూటరుకు చెప్పాను. ఒంటెల సణుగుడు మాత్రం ఎక్కడా తగ్గించవద్దన్నారు. పూర్తయ్యాక ఆయన ఆటను పరీక్షించిన తీరు కూడా స్టోర్ కీపరుదే. వరుసగా మీట నొక్కి ఇరవై అంకెలూ వచ్చాయో లేదో టిక్కులు పెట్టుకున్నారు. మూడుసార్లు చూసుకుని, నాలుగోసారి సంతకం పెట్టారు.

నేను చేసిన ప్రతి ఆటలోనూ ఇవాళ్టికీ ఆ పద్ధతి ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆడేవాళ్లకు అది కనబడదు. ఇంకాస్త ఆడదామనిపిస్తుంది, అంతే.

గురువారం ఆయన విమానం. మంగళవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత కంప్యూటరును మళ్లీ వార్డుకు తోసుకెళ్లాం. ప్రయాణం రోజు ఆయన మల్లేశానికి చెప్పలేదు, నన్ను చెప్పవద్దన్నారు. స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు, పొరపాటున సాయం చేయకుండా. మల్లేశం అనుమానంగానే మొదలుపెట్టాడు. తెర మీద తెలుగు చూడగానే గొంతెత్తి చదవడం మొదలుపెట్టాడు. ఒకరోజులో అయ్యే ఆట కాదు గానీ ఆ రోజు మల్లేశం వదల్లేదు. లేవడం, నొక్కడం, కూర్చోవడం. పక్క మంచాల వాళ్లు కూడా ఇటు తిరిగారు. ఎనిమిది మజిలీలు దాటాడు. తొమ్మిదో దాంట్లో పెద్ద అంకెలన్నీ అప్పటికే ఆరిపోయాయి, బావి దొరకలేదు. నీళ్లు అయిపోయాయి, బిడారు జెద్దాకు తిరిగి వచ్చింది అని పడింది.

ముదీర్ గారి వైపు చూశాను. ఆయన చేతులు తొడల కింది నుంచి తీయలేదు.

మల్లేశం తెర అడుగున ఉన్న గళ్లకేసి చాలాసేపు చూశాడు.

"మొదటికెళ్లి షురూ చేస్తే ఇరవై మల్ల నిండుగుంటయా సార్?"

"ఉంటాయి."

"అయితే మిషన్‌ది గాదు, తప్పు నాదే. పెద్దయన్ని ముందుగాలనే ఖర్చువెట్టిన. నీళ్లున్నకాడ ఉరుకుడెందుకు, ఆగాలె" అన్నాడు. తర్వాత సిస్టర్ వైపు తిరిగి, "అమ్మా, ఆ వాకర్ ఇటు తేండ్రి. ఉత్తగ నిలవడితే ఏమొస్తది, కిడికీ దాంక పోయొస్త" అన్నాడు.

అప్పటిదాకా వాకర్ అతని మంచం పక్క నెల రోజులుగా ఉత్తినే ఉంది. సిస్టర్ తెచ్చి పెట్టింది. రెండు చేతులా పట్టుకుని లేచి, మాకు వీపు చేసి, కిటికీ వైపు ఒక కాలు జరిపాడు. తర్వాత రెండోది. సిస్టర్ మలయాళంలో లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ముదీర్ గారు స్టూలు చప్పుడు కాకుండా లేచి తలుపు దగ్గరికి వెళ్లారు. నేను వెనకాలే వెళ్లాను.

"ఒక్కమాట చెప్పి వెళ్లరా ముదీర్ గారూ?"

"నడుచ్చాండాడు గదా" అన్నారు మెల్లగా. "ఇప్పుడు పిలిస్తే కూసుంటాడు."

తలుపు దగ్గరే నిలబడి మల్లేశం కిటికీ చేరేదాకా చూసి వెళ్లిపోయారు. గురువారం నాకు డ్యూటీ ఉండి ఏర్‌పోర్టుకు వెళ్లలేకపోయాను. ఆయనకు కృతజ్ఞత అన్న మాట నేను అప్పుడూ చెప్పలేదు, తర్వాత ఫోన్లలోనూ చెప్పలేదు. చెప్పబోతే ఎన్ని ఆటలు చేసినావు, ఎన్ని మిగిలినాయి అని మాట మార్చేసేవారు.

కొడుకు ఫోన్ పెట్టేశాక జగిత్యాలకు నేనే ఫోన్ చేశాను. మల్లేశం ఆ ఏడాదే తన కాళ్ల మీద తాను విమానం ఎక్కి ఇంటికి వెళ్లాడు. ఇప్పుడు ట్రాక్టర్లు బాగుచేస్తాడు, మనవలున్నారు, కొద్దిగా కుంటుతాడు. సంగతి చెప్పాను. ఆ మంగళవారం నీకు చెప్పకుండానే తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్లిపోయారయ్యా అన్నాను.

"నాకు ఎర్కనే సార్. పొయ్యే దినం సిస్టర్ ముందే చెప్పింది. కిడికీ అద్దంల కనవడ్డడు, దర్వాజ కాడ."

"మరి ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదేం?"

"తిరిగి సూస్తే ఆయన పోవునా సార్" అన్నాడు మల్లేశం. "పందొమ్మిదేండ్ల సంది ఇంట్ల ఎదురుసూస్తున్నరు. నేను కిడికీ దిక్కే సూసుకుంట నడిసిన."